ముద్ద కలిపే విద్య

పక్షవాతం వచ్చిన ప్రతి చేతికీ ప్రభుత్వమే యంత్రపు తొడుగు వేయిస్తున్న రోజులవి. సామ్రాజ్యమ్మగారి కుడిచేతి తొడుగు చెంచా పట్టేది, బొత్తాలు పెట్టేది, జడ కూడా అల్లేది. లోపలి వేళ్ళు మాత్రం మెల్లగా తమ పనిని మరచిపోతున్నాయి. పూర్తిగా మరిస్తే ఇక ఎవరూ వాటికి నేర్పలేరు. అందుకే, పడిపోయిన చేతులకు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు వకుళ ఒకప్పుడు తొడుగును సడలమని అడిగింది. "డాక్టరేటు ఉన్నవారి మాటే వింటాను" అని అది మర్యాదగా నిరాకరించింది.

నలభయ్యో ఏట వకుళ మళ్ళీ విశ్వవిద్యాలయంలో చేరింది. అన్నం కలిపేటప్పుడు అయిదు వేళ్ళూ పంచుకునే పనిమీద పరిశోధించింది.

"ముద్ద కలపడానికి డాక్టరేటా? మా అమ్మ ఏ కాలేజీలో చదివి కలిపిందమ్మా?" అని సామ్రాజ్యమ్మ భర్త సదాశివంగారు ఆమె కనిపించినప్పుడల్లా నవ్వేవారు.

పట్టా అందిన మరునాడు వకుళ నేరుగా వారింటికే వచ్చింది.

"సడలు," అంది. తొడుగు సడలి, మణికట్టు దాకా వెనక్కి ముడుచుకుంది.

పప్పన్నంలో సామ్రాజ్యమ్మ వేళ్ళు వణికాయి. మొదటి ముద్ద విడిపోయి మెతుకులు నేలమీద రాలాయి. "సాయం చేయనా?" అని తొడుగు అడిగింది.

"వద్దు," అంది వకుళ. "అమ్మా, ముందు మూడు వేళ్ళతో దగ్గరికి చేర్చండి. బొటనవేలు చివర్న రావాలి."

రెండో ముద్ద నిలిచింది. సదాశివంగారు గబగబా అరచెయ్యి చాచారు.

"మీరాగండి," అంది సామ్రాజ్యమ్మ, ముద్దను వకుళ వైపు చాస్తూ. "ముందు మా డాక్టరమ్మకి."