ఇంటికి మాత్రం వద్దు

అనంతగిరి దాటి మలుపు తిరిగారో లేదో, విల్లూ బాణాలతో ఒక మనిషి కారుకు అడ్డంగా దూకాడు. ధర్మతేజ బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. వెనక సీట్లో అతని తల్లి యర్రమ్మ చేతిలోని వేరుశనగల పొట్లం కాస్తా కోడలు భాను ఒళ్లో బోర్లా పడింది.

"ఏటయ్యా, సావడానికి నా కారే దొరికిందా?" తేజ అద్దం దించి అరిచాడు.

"దండం బాబూ. నన్ను ఎక్కించుకోండి, బేగి!"

"ఎక్కడికెళ్లాలి?"

"ఎక్కడికైనా సరే. ఇంటికి మాత్రం వద్దు."

భాను కిసుక్కున నవ్వింది. యర్రమ్మకు జాలేసింది. "ఎక్కించుకోరా, పెళ్లాంతో తగువైనట్టుంది" అంది.

ఆ మనిషి పేరు సుక్రు. ముందు సీట్లో కూర్చుని, విల్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని సంగతి చెప్పాడు. ఊళ్లో ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగాళ్లంతా అడవికి వేటకు పోవాలి. ఆడవాళ్లు దారికి వెదురు గడ అడ్డం పెట్టి, వచ్చే పోయే బళ్లను ఆపి పండగ చందా వసూలు చేస్తారు. వేట తెచ్చినవాడికి డప్పులు, ఊరేగింపు. ఖాళీ చేతులతో వచ్చినవాడికి పేడనీళ్లు.

"పేడనీళ్లా?" భాను ముందుకు వంగింది.

"కుండతో నెత్తిన కుమ్మరిస్తారమ్మా. ఆనక పాట కట్టి ఏడాదంతా పాడతారు. అందరికన్నా ముందు నా పెళ్లాం గంగే ఉంటాది. అడవంతా తిరిగాను, ఉడత తోకైనా దొరకలేదు."

"సంతలో ఓ కోడిని కొనుక్కుని పో" అన్నాడు తేజ.

"కొన్నది సెల్లదు బాబూ. నానే పట్టి తేవాల. గంగ కళ్లు కప్పడం దేవుడి వల్ల కూడా అవదు."

పాపం, అతని బాధ అతనిది. తేజకు మాత్రం పండగే. ట్రిప్పులో ఇది మొదటి రోజు. పొద్దున్న బొర్రా గుహలు చూసింది మొదలు ఫోన్లో సిగ్నల్ లేదు, మ్యాపు లేదు. దారి తెలిసినవాడు ఎదురొచ్చి ఎక్కడికైనా సరే అన్నాడంటే వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టే.

ఇంటికి పోవడం ఇష్టంలేని మనిషి చూపించినట్టు ఊరు ఇంకెవరూ చూపించలేరు. కాఫీ తోటలో అందరూ ఫోటోలు దిగే చోట కాకుండా లోపలికంటా తీసుకెళ్లి, చెట్లకు పాకిన మిరియాల తీగలు చూపించాడు. గాలికొండ దగ్గర వ్యూపాయింట్ బోర్డున్న చోటు వదిలేసి పై బండ మీదికి ఎక్కించాడు. గాలికి యర్రమ్మ కొంగు జెండాలా ఎగిరింది.

"ఓలమ్మ! ఇన్నేళ్లూ మబ్బుని తలెత్తే సూశాను. ఇయాల వంగి సూత్తన్నాను!" అని ఆవిడ చప్పట్లు కొట్టింది. అంత సంతోషంగా తల్లిని తేజ ఎప్పుడూ చూడలేదు.

సుంకరమెట్ట దాటాక దారికి గడ అడ్డం వచ్చింది. ఆడవాళ్లు చేతులు పట్టుకుని కారు చుట్టూ థింసా ఆడారు. భాను ఆగలేక దిగి వాళ్లతో కలిసిపోయింది. తేజ నవ్వుతూ చందా ఇచ్చాడు. సుక్రు మాత్రం సీటు కిందకు దూరి, విల్లు నెత్తిన పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"ఆళ్లలో గంగ వాళ్లక్క ఉంది" అన్నాడు కారు కదిలాక. ఆ గడ కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి దాన్నే చూశాడు.

"పొద్దు వాలిపోతంది. ఈ నాయిన గతేటిరా?" అంది యర్రమ్మ.

"మనతో హోటల్‌కి తీసుకెళ్దాం అత్తయ్యా. పండగ అయ్యాక ఇంటికెళ్తాడు" అంది భాను. ఆమెకు నిజంగానే దిగులుగా ఉంది.

సుక్రు ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నాడు. "బాబూ, ఇంకొక్కటి సూపిస్తాను. ఇప్పటిదాకా ఏ టూరిస్టూ సూడనిది."

ఇంకేం కావాలి! తేజ తారురోడ్డు దిగి మట్టిబాటలోకి తిప్పాడు. కారు గంతులేస్తుంటే ముగ్గురూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. జలపాతమని భాను, గుహ అని తేజ పందెం వేసుకున్నారు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఊరు. దారికి అడ్డంగా వెదురు గడ. దాని వెనక ఊళ్లోని ఆడవాళ్లంతా. అందరికన్నా ముందు, పేడనీళ్ల కుండ ఎత్తి పట్టుకుని ఒకామె.

"ఇది నీ ఊరు కదయ్యా! ఆవిడ గంగేనా? వెనక్కి తిప్పేయనా?" తేజ గాభరాగా గేరు మీద చెయ్యి వేశాడు.

"వద్దు బాబూ. ఆపండి" అని సుక్రు తలుపు తీసుకుని దిగాడు. యర్రమ్మ కళ్లు మూసుకుంది.

"ఏదీ, వేటేదీ?" గంగ కుండ ఇంకా పైకెత్తింది.

సుక్రు రొమ్ము విరుచుకుని కారు బానెట్ మీద చరిచాడు. "ఇదిగోనే! కొండలన్నీ తిప్పి తిప్పి తోలుకొచ్చాను. కడుపులో ముగ్గురున్నారు. పారిపోకుండా ఎనక కూడా గడ ఎయ్యండి, బేగి!"