ప్రతిదీ అడిగే కంప్యూటర్

“లోపలున్నవన్నీ పోతాయేమో బాబూ!”

మెకానిక్ ఇంకా భుజం మీది సంచి కూడా దించలేదు. ఆమె భయం మాత్రం గుమ్మం దాకా ఎదురెళ్లింది.

“ఇంకా ముట్టుకోనేలేదు కదమ్మా!” అని నవ్వాడతను.

ఒకప్పుడు అందరూ అలాగే నవ్వేవారు. మబ్బు పడితే ఇల్లు మునిగినట్టే, ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయినట్టే ఆమెకు. ఎనిమిది నెలల కిందట తండ్రిని బస్టాండులో దింపి రావడానికి కొడుకు బండి తాళాలు తీసుకుంటుంటే, “రోడ్డంతా తడిరా, జాగ్రత్త” అని నాలుగుసార్లు చెప్పింది. “అబ్బ, ఊరుకోమ్మా” అన్నాడు వాడు. ఆ సాయంత్రం ఫోన్ మోగింది.

ఆ తర్వాత ఆమె వాడి గొంతు వినలేదు.

కంప్యూటర్ హాల్లో, వాడి గది తలుపు పక్కనే ఉంది. తలుపు మూసే ఉంది. ముందు నేల మీద, రోజూ పెట్టినట్టే, మూత వేసిన అన్నం కంచం.

మెకానిక్ కంచాన్ని చూసీ చూడనట్టు దాటి, పెట్టె విప్పాడు. లోపల వైర్లు జడ అల్లినంత పొందిగ్గా ఉన్నాయి.

“ఎవరమ్మా బిగించింది? చేయి తిరిగినవాళ్ల పని.”

“మా అబ్బాయే. నన్ను దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు.”

అతను గొంతు తగ్గించాడు. “పాత సిస్టమ్ పనైపోయిందమ్మా. కొత్త విండోస్ వేస్తే చాలావరకు అదే చూసుకుంటుంది. లినక్స్ అయితే ఉచితం, ఈ పాత పెట్టెకి తేలిక. కాకపోతే ఎక్కించేటప్పుడు ప్రతిదీ అడుగుతుంది. తెలుగులోనే అడుగుతుందనుకోండి. మీకెందుకా తలనొప్పి? మొదటిదే వేస్తాను.”

“అడిగేదే వెయ్యి బాబూ.”

సోఫాలో కూర్చున్న చెల్లెలు తల పట్టుకుంది. “టీవీ రిమోట్ నొక్కడమే రాదు, నీకు లినక్సా? అక్కా, ఇంకెన్నాళ్లు ఆ తలుపుతో మాట్లాడుకుంటూ కూర్చుంటావు? నాలుగు రోజులు మా ఇంటికొచ్చి ఉండు.”

“వాణ్ణి ఒక్కణ్ణీ వదిలేసా?”

చెల్లెలు కళ్లొత్తుకుంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మెకానిక్ మొదటి ప్రశ్న తెర మీదికి వచ్చేదాకా చేశాడు. “ఇక చాలు, నేను నొక్కుకుంటాను” అందామె.

“అమ్మో, ఒకచోట చెరిపెయ్యమంటారా అని అడుగుతుంది. అక్కడ పొరపాటున ఔనన్నారో, ఫొటోలూ వీడియోలూ ఒక్కటీ మిగలవు.”

“చెప్పేవాడున్నాడులే.”

మెకానిక్ మొహం అదోలా అయింది. సంచి జిప్పు కూడా లాక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

ఆమె కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకుంది. కంప్యూటర్ ఏమైతే ఆమెకేం? ఆ గొంతు ఒక్కసారి వింటే చాలు.

“ఏ భాష అంటోందిరా,” అని తలుపుకేసి గట్టిగా చదివింది.

తెలుగు అని తనే నొక్కింది.

“ఏ దేశం టైము పెట్టాలట?”

లోపలెక్కడో మంచం కిర్రుమంది. ఆమె తలుపుకి చెవి ఆనించి విన్నది. మళ్లీ ఏ చప్పుడూ లేదు.

తర్వాతి ప్రశ్న వచ్చింది. మెకానిక్ చెప్పింది అదే. కళ్లద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. “పాతదాని పక్కన పెట్టమంటారా? డిస్కులో ఉన్నదంతా చెరిపి పెట్టమంటారా?”

తెర మీంచి కళ్లు తిప్పి తలుపుకేసి చూసింది.

“నువ్వు చెప్పకపోతే నాకేం తెలుస్తుందిరా? ఏదో ఒకటి నొక్కాలిగా.” “చెరిపేసేదే నొక్కుతున్నా. ఒకటి... రెండు...”

మౌస్ బాణాన్ని ఆ మాట మీదికి జరిపింది.

గడియ లాగిన చప్పుడైంది, ఎనిమిది నెలల గడ్డంతో కొడుకు గది గుమ్మంలోకి వచ్చి, “వద్దమ్మా, అది నొక్కకు, నాన్న పోయాక మనకి మిగిలిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి” అన్నాడు.