పట్టీకి నేర్పిన నమాజు

అరవై దాటిన ప్రతి నడుముకీ, మనిషి పడితే పసిగట్టి అరిచే పట్టీ తప్పనిసరైన రోజులవి. నబీసాహెబు నమాజులో నుదురు నేలకానించినప్పుడల్లా అది "పడిపోయారు!" అని వీధంతా వినబడేలా గోలపెట్టేది. అంబులెన్సు వచ్చేసేది.

"అల్లా ముందు కూడా వంగనివ్వదేమమ్మా ఇది!" అని ముసలాయన ఏడ్చినంత పని చేస్తే, కోడలు షంషాద్ పట్టీకి ఓపిగ్గా నేర్పింది: "ఇది పడటం కాదు, నమాజు."

ఇవాళ కూర కలుపుతుంటే మామ గదిలో దబ్బున చప్పుడైంది. షంషాద్ గరిటెతోనే పరిగెత్తి గుమ్మం తెర మీద చెయ్యేసింది.

"నమాజులో ఉన్నారు," అంది పట్టీ గుసగుసగా.

నమాజులో ఉన్న మనిషిని కదిలించకూడదు. చెయ్యి వెనక్కి తీసుకుని, పిల్లల్ని నోరు మూసుకోమని కసిరి, టీ పెట్టింది. టీ చల్లారింది. మళ్లీ కాచింది. అదీ చల్లారింది.

చివరికి తెర తీసింది. మామ నుదురు నేలకే ఆని ఉంది. నమాజు చాప మాత్రం మడత విప్పకుండా గూట్లోనే ఉంది.