ఏట్లో బజారు

“ఈ మిషను ఇక్కణ్ణుంచి తీసెయ్ తమ్ముడూ. గట్టు మీదికి మార్చుకో.”

టైలర్ తలెత్తాడు. ఎవరో కొత్తామె. కాళ్ల నిండా దుమ్ము, మెడలో నల్లతాడుకి ఒక తాళంచెవి.

“ఎందుకక్కా?”

“ఏరొస్తుంది.”

కొట్లో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

నవ్వరూ మరి! వానలు మొహం చాటేసి ఏళ్లయింది. ఎండలు ఏటికేడు ముదిరి, ఏట్లో చెమ్మన్నది లేకుండా పోయింది. ఆ ఇసుకలోనే బజారు వెలిసింది. చెప్పుల కొట్టు, పాత సామాన్ల కొట్టు, చివర్న ఈ టైలర్ కొట్టు.

“రానీ అక్కా, కొలతలు తీసుకుని ఓ చొక్కా కుట్టిపెడతా,” అన్నాడు టైలర్.

ఆమె నవ్వలేదు.

“ఇప్పటి వానలు మునుపటిలా కావయ్యా. పడితే అంతా ఒక్క పూటలో కుమ్మేస్తాయి. ఇక్కడ మబ్బు కూడా కనపడదు. ఎక్కడో పైన పడుతుంది. గట్టిపడ్డ నేల తాగదు, అంతా కట్టకట్టుకుని ఇటే వస్తుంది. నాకూ మా ఊరి ఏట్లో...”

“ఆపక్కా. ఈ జాగా మీద ఎవరి కన్ను పడింది? ఏ బ్రోకరు పంపాడు నిన్ను?”

ఆమె మెడలోని తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

“మన కొట్టుకి వెయ్యడానికి తాళం కూడా తెచ్చుకున్నట్టుంది చూడండ్రా!” అన్నాడు టైలర్.

ఆమె పక్క కొట్టుకి వెళ్లింది. అక్కడా అదే మాట, అవే నవ్వులు.

మూల కూర్చుని కాజాలు కుడుతున్న టైలర్ భార్య అంతా వింది.

“ఆవిడ కళ్లు చూశావా? వానాకాలం పోయేదాకా గట్టు మీదికి మారదామయ్యా.”

“నీకూ ఎక్కిందా ఆవిడ పిచ్చి?”

ఆమె మళ్లీ సూది చేతిలోకి తీసుకుంది.

కొద్దిరోజులకి, మిట్టమధ్యాహ్నం, భార్యను కొట్లో ఉంచి, దారపు ఉండల కోసం టైలర్ గట్టెక్కాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వెనకేదో పెద్ద చప్పుడైంది. లారీ అనుకున్నాడు.

తిరిగి చూస్తే బజారు లేదు. ఎర్రటి నీళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పరుగెడుతున్నాయి.

భార్యను పేరుపెట్టి పిలిచాడు. గొంతు పోయేదాకా పిలిచాడు.

నీళ్లు వచ్చినంత తొందరగానే పోయాయి. ఇసుక మళ్లీ ఎండింది. ఆమె దొరకలేదు. అతనికి మిగిలింది జేబులో ఉన్న కొట్టు తాళంచెవి, గట్టు మీదికి మారదామని ఆమె అడిగిన ఆ ఒక్క మాట. ఆ మాట అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

అదే ఇసుకలో ఎవరో కొత్తవాళ్లు గుంజలు పాతుతుంటే చూడలేక ఊరు విడిచాడు. నడిచి నడిచి ఇంకో ఏటికి చేరాడు. అక్కడా ఇసుకే. అక్కడా బజారే.

“ఈ కొట్టు తీసెయ్ అన్నా. ఏరొస్తుంది,” అన్నాడు సైకిల్ మెకానిక్‌తో.

“రానీ, దానికీ ఓ పంక్చర్ వేసి పంపిస్తా!”

అందరూ గొల్లున నవ్వారు.

“నవ్వకండయ్యా. నాకూ మా ఊరి ఏట్లో...”

“మీ ఏరు వేరు, మా ఏరు వేరు. ఇంతకీ ఏ బ్రోకరు పంపాడు నిన్ను?”

టైలర్ చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి తాళంచెవిని బిగించింది.

ఆనాడు తన కొట్టుకొచ్చిన ఆ కొత్తామె మెడలోది కూడా ఏరు ఎత్తుకుపోయిన కొట్టు తాళంచెవేనని, ఆమె కూడా తనవాళ్లను ఆ కొట్లో వదిలి గట్టెక్కిన మనిషేనని అప్పుడర్థమైంది అతనికి.