చొక్కాల తాత

"ఓనర్ ఎక్కడ తాతా?" సూదిలోకి మందు ఎక్కిస్తూ అడిగింది డాక్టరమ్మ.

"బయట బెంచీ మీదున్నాడమ్మా," అన్నాడు అటెండరు తాత.

బల్ల మీద ముసలి కుక్క పడుకుని ఉంది. గోధుమరంగుది. మూతంతా నెరిసిపోయింది. కిడ్నీలు రెండూ పోయాయని, ఇక నిద్రపుచ్చి సాగనంపడమే మేలని పోయినవారం మానేసిన డాక్టరే తేల్చేశాడు. ఇప్పుడు నీళ్ళు తాగినా కడుపులో నిలవడం లేదు.

డాక్టరమ్మ సోమవారమే చేరింది. ఆస్పత్రిని కంపెనీవాళ్ళు కొన్న దగ్గర్నుంచి ఏ డాక్టరూ నిలవడం లేదు. అసలు పశువుల డాక్టర్లు దొరకడమే గగనమైపోయింది. ఈమెకూ రెండు ఆస్పత్రులు అంటగట్టారు. పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. తిండి దారిలో, కారులోనే.

ఇదివరకు ఇది ఒక పెద్దాయన సొంత ఆస్పత్రి. డాక్టరూ ఆయనే. అప్పట్లో పెంచుకున్నవాళ్ళు లోపలే ఉండేవాళ్ళు. కుక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకరోజు ఒకడు అదంతా ఫోన్‌లో తీసి, డాక్టరు నా కుక్కను చంపేశాడని లోకానికంతా చూపించాడు. ముక్కూ మొహం తెలియని జనం పెద్దాయన్ని నానా మాటలూ అన్నారు. ఇంటికి ఫోన్లు చేసి మరీ తిట్టారు. ఆయన మంచం పట్టాడు. ఆస్పత్రి అమ్ముడైంది.

కంపెనీ వస్తూనే రూలు పెట్టింది. ఆఖరి సూది వేసేటప్పుడు పెంచుకున్నవాళ్ళు లోపల ఉండకూడదు. ఎవరైనా సరే. గదిలో కెమెరా కూడా బిగించింది. ఏడుస్తున్న ఒక ముసలమ్మను లోపలికి రానిచ్చినందుకు అప్పటి డాక్టర్ని మర్నాడే ఇంటికి పంపించేశారు.

అప్పట్నించి మూగజీవాలు తలుపు వైపు చూస్తూ ప్రాణం వదిలేవి. కదలకుండా పట్టుకునేది తాతే. ఆయన యూనిఫారానికి ఎంత ఉతికినా మందుల కంపు. ఆ వాసన తగిలితేనే అవి వణికేవి.

ఉండబట్టలేక ఒకరోజు బయటికొచ్చి, "బాబూ, మీ ఒంటిమీది చొక్కా ఒకసారి ఇస్తారా?" అని అడిగాడు. అది తొడుక్కుని వెళ్ళి కుక్కను హత్తుకున్నాడు. అది తలుపు వైపు చూడ్డం మానేసింది. ఆయన చంకలో మూతి దాచుకుని, నిద్రపోయినట్టే పోయింది.

అదే అలవాటైంది. ఒక కాంట్రాక్టరు చొక్కాలో ఇద్దరు తాతలు పట్టేవాళ్ళు. ఒక టీచరమ్మ నైటీ ఇచ్చి పంపితే అదీ తొడిగాడు. "తాతా, ఏదీ ఇటు తిరుగు, సంబంధాలు చూస్తా," అంటూ కౌంటర్ దగ్గరి అమ్మాయి పడీపడీ నవ్వింది. ఒక చిన్నపిల్ల తన గౌను ఇచ్చింది. దాన్ని మెడకు చుట్టుకున్నాడు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

చొక్కాల తాత అని పేరు పెట్టింది కౌంటర్ అమ్మాయే. ఇవాళ ఆ పిల్ల ఏ జోకూ వెయ్యలేదు. తలుపు పట్టుకుని నిలబడింది.

తాత యూనిఫారం విప్పి కొక్కేనికి తగిలించాడు. గుడ్డసంచిలోంచి చొక్కా తీశాడు. నీలం గళ్ళది. మెడ దగ్గర చీకిపోయింది.

"మిగతావన్నీ నిన్ను చూస్తేనే బల్ల దిగి పారిపోతాయి. దీనికేంటి, నువ్వంటే భయమే లేదు?" అంది డాక్టరమ్మ.

"ముసలిది కదమ్మా. భయపడ్డానిక్కూడా ఓపికుండాలిగా."

బొత్తాలు ఓ పట్టాన పడలేదు.

"అచ్చం నీ కొలతే."

"ఆయనా నాలాంటి బక్కోడేనమ్మా."

డాక్టరమ్మ ఏమనుకుందో, సూదిని పళ్ళెంలో పెట్టేసింది. "ఒక్క నిమిషం. బయటికెళ్ళి ఆయనతో ఓ మాట మాట్లాడొస్తా."

"వద్దమ్మా!" అరిచినంత పని చేశాడు తాత. వెంటనే గొంతు తగ్గించాడు. "మాట్లాడే స్థితిలో లేడు. కదిలిస్తే కూలిపోతాడు."

"ఇప్పుడొద్దు మేడమ్," అంది తలుపు దగ్గర్నుంచి కౌంటర్ అమ్మాయి.

డాక్టరమ్మ ఆగింది. "ఎన్నాళ్ళు పెంచాడట?"

"పద్నాలుగేళ్ళు. వానలో, కాలవ పక్కన దొరికిందట. అప్పుడు గుప్పెడంత ఉండేదట."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఇదొక్కటేనమ్మా."

ఆమె కెమెరా వైపు చూసింది. "పోనీ ఆయన్ని రానిద్దామంటే... నా ఉద్యోగం మీద ఇల్లు నడవాలి తాతా."

"తెలుసమ్మా. మీ తప్పేముంది. కానివ్వండి, ఇది నొప్పితో ఉంది."

తాత బల్ల అంచున కూర్చుని కుక్కను ఒళ్ళోకి తీసుకున్నాడు. అది చొక్కాను వాసన చూసింది. చంకలో మూతి దూర్చింది. తోక బల్ల మీద టపటపా కొట్టుకుంది.

"అయిపోయింది నాన్నా. ఇంటికెళ్ళిపోదాం," అన్నాడు దాని చెవిలో. ఎవరి కుక్కకైనా ఆయన చెప్పే మాట అదే.

సూది దిగింది. కాసేపటికి తోక ఆగింది.

తాత మాత్రం వదల్లేదు. డాక్టరమ్మే భుజం మీద చెయ్యి వేసింది.

"ఆయనకి చెప్పు తాతా. ఆఖరిదాకా ఆయన ఒళ్ళోనే ఉన్నాననుకుందని చెప్పు."

"చెప్తానమ్మా."

కుక్కను దుప్పట్లో చుట్టి భుజానికెత్తుకున్నాడు. కౌంటర్ అమ్మాయి మొహం అటు తిప్పుకుని తలుపు తీసి పట్టుకుంది.

రోజూ అక్కడ ఆగి, చొక్కా విప్పి, కుక్కను పెంచినవాళ్ళ చేతుల్లో పెట్టే తాత, ఇవాళ ఎవరూ లేని బెంచీని దాటుకుని, తన చొక్కాతో, తన కుక్కతో ఇంటికి నడిచాడు.