కోట చూసిన జామకాయల గంప

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర హనుమకొండ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీటు దొరకగానే ప్రజ్ఞ సగం ఓరుగల్లు చూసేసినంత సంబరపడింది.

ప్రజ్ఞది మారిషస్. నాలుగు తరాల కిందట చెరుకు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల పిల్ల. తెలుగు ఎమ్మే చదవడానికి హైదరాబాద్ వచ్చి, నాచారంలో హాస్టల్లో ఉంటోంది. పాఠాల్లో చదివిన కాకతీయుల కోటను కళ్లారా చూడాలని ఒక్కతే బయల్దేరింది.

హాస్టల్ నడిపే అన్నపూర్ణమ్మ గారు పొద్దున్నే హెచ్చరించారు.

“నీ అలమరాకు తాళం లేదు, పాస్‌పోర్టు సంచిలోనే పెట్టుకో. అది పోయిందంటే నీ చదువూ పోయినట్టే. అడ్డమైనవాళ్లతో మాటలు పెట్టుకోకు. చదువుకున్నవాళ్లెవరైనా ఉంటే చూసి పక్కన కూర్చో.”

దేవుడు ఆ మాట విన్నట్టే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చి పక్కన కూర్చున్నాడు. పేరు శశిధర్ అన్నాడు.

“ఫస్ట్ టైమా మేడం? కోట, వేయిస్తంభాల గుడి, అన్నీ నేను చూపిస్తా. హనుమకొండలో మా ఫ్రెండ్ కారుంది.”

ప్రజ్ఞకు ప్రాణం లేచొచ్చింది. తన కబుర్లన్నీ చెప్పింది.

బోడుప్పల్ దాటగానే ముందు సీటులోంచి ఒక ముసలమ్మ లేచి వచ్చింది. చంకలో జామకాయల గంప, చేతి గాజులకు పిన్నీసుల గుత్తి.

“లే పిలగా. గిది లేడీస్ సీటు. పైన రాసింది కండ్లకు కనిపిస్తలేదా?”

“ముందర నీ సీటు ఉంది కదా అవ్వా.”

“నాకు గీడనే గాలి మంచిగొస్తది. లే.”

అతను లేచి వెనక్కి పోయాడు. ముసలమ్మ కూలబడి, గంపను ప్రజ్ఞ కాళ్ల మీదికి నెట్టింది.

బంగారంలాంటి మనిషి పోయి, గంప వచ్చింది. ప్రజ్ఞకు ఒళ్లు మండింది.

“ఏ ఊరు బిడ్డ? ఒక్కదానివే పోతున్నవా? మీ అమ్మ ఏం జేస్తది?”

“క్షమించండి అవ్వా. నాకు విశ్రాంతి కావాలి.”

“అబ్బ! రేడియోల వార్తలు సదివినట్టే మాట్లాడుతున్నవ్. జర సంచి పైలం బిడ్డ.”

సంచి మాట వినగానే ప్రజ్ఞ గుండె గుభేలుమంది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది ఈవిడ వరస! సంచిని కిటికీ వైపు లాక్కుని, చెవుల్లో పాటలు పెట్టుకుంది.

ఘట్‌కేసర్ దాటాక కండక్టర్ వచ్చి ముసలమ్మ మీద ఏవో కేకలేశాడు. పాటల్లో ప్రజ్ఞకు ఒక్క ముక్కా వినపడలేదు. ఆడవాళ్లకు టికెట్ ఉచితమేనాయె, అది తీసుకోవడానికి కూడా బద్ధకమా అనుకుంది.

భువనగిరి దగ్గర నిద్ర ముంచుకొచ్చింది. మెలకువ వచ్చేసరికి తల ముసలమ్మ భుజం మీద ఉంది. సంచి ముసలమ్మ ఒళ్లో ఉంది!

గభాల్న లాక్కుంది. జిప్పు వేసినట్టే ఉండడంతో గుండె కుదుటపడింది.

హనుమకొండలో దిగగానే శశిధర్ ఎదురొచ్చాడు.

“రండి మేడం, కారు రెడీ.”

ముసలమ్మ ప్రజ్ఞ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“యాడికి? ఇది నా మనుమరాలు.”

“మనుమరాలా? ఆమెది మారిషస్!”

“మారిషస్‌కే ఇచ్చినం మా బిడ్డను. నీకేమన్న తక్లీఫా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను జారుకున్నాడు. ప్రజ్ఞకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“అవ్వా, నేను ఒంటరిగా వెళ్లగలను. దయచేసి నన్ను విడిచిపెట్టండి.”

“కోట నేను గూడ ఎన్నడు సూడలే. పా, పోదాం.”

గంప నెత్తిన పెట్టుకుని కోటంతా తిరిగింది మహాతల్లి. ప్రజ్ఞ తీసుకున్న ప్రతి ఫోటోలోనూ ఓ మూల ఆ గంప పడింది. తోరణం అవతల శశిధర్ రెండుసార్లు కనబడ్డాడు. గంపను చూసి వెనక్కి తగ్గాడు. పాపం అనుకుంది ప్రజ్ఞ.

సాయంత్రం బస్సులోనూ పక్కనే కూర్చుంది ముసలమ్మ. ఘట్‌కేసర్ రాగానే లేచి, రెండు జామకాయలూ ఓ చిన్న ఉప్పుకారం పొట్లమూ ప్రజ్ఞ చేతిలో పెట్టింది.

“మా ఇల్లు గీడనే. మంచిగ సదువుకో బిడ్డ.”

హమ్మయ్య, వదిలింది! పేరైనా అడగకుండానే ప్రజ్ఞ తల తిప్పుకుంది.

హాస్టల్ చేరాక అన్నపూర్ణమ్మ గారు సంచి అందుకుని కెవ్వుమన్నారు.

“ఇదేంటమ్మాయ్! అడుగున ఎవరో బ్లేడు పెట్టి కోసేశారు!”

ప్రజ్ఞ పైప్రాణాలు పైనే పోయాయి. సంచి తిరగేసింది. అటు చివర నుంచి ఇటు చివర దాకా కోత. పొద్దున శశిధర్ కూర్చున్న వైపు.

కానీ కోత నోరు తెరుచుకోలేదు. మూడు పిన్నీసులు వరసగా, గట్టిగా పట్టి ఉంచాయి.

గబగబా జిప్పు తీసింది. పాస్‌పోర్టు పెట్టినచోటే ఉంది.

నేల మీద చతికిలబడి ఏడ్చింది, నవ్వింది, పాస్‌పోర్టును కళ్లకద్దుకుంది. సంగతంతా విన్నాక అన్నపూర్ణమ్మ గారు కూడా గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

“నీ అదృష్టం బాగుంది. ఆవిడకీ ఇవాళే కోట చూడాలనిపించింది!”

నిజమే అనుకుంటూ ప్రజ్ఞ జామకాయ తీసి, పొట్లం విప్పింది.

ఉప్పుకారం కట్టిన ఆ కాగితం ముసలమ్మ పొద్దుటి బస్సు టికెట్టు: ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా.