పదహారో కాయ

"అమ్మేది లేదని మూడుమాట్ల చెప్పిన సారూ. మల్ల అడుగకుండ్రి," అంది చిలుకమ్మ, పచ్చీసు బట్టను మోకాళ్ల మీదికి లాక్కుంటూ.

కిషన్ రావు కదల్లేదు. పాత ఆట సామాన్ల మేళా అంటే ఎంత దూరమైనా పోయే మనిషి. ఈసారి మేళా హన్మకొండలోనే, ఆయన బట్టల దుకాణానికి నాలుగు అడుగుల్లోనే పెట్టారు. బడి హాలు నిండా గంజీఫా పేకముక్కలు, చదరంగం బలగాలు, వామనగుంటల పీటలు. కరీంనగర్ నుంచి, హైదరాబాద్ నుంచి సేకరించేవాళ్లు దిగారు. వాళ్లలో ఒకర్నొకరు నమ్మేవాళ్లు లేరు. పలకరించుకునేది కూడా ఎదుటివాడి సంచీలో ఏముందో చూడడానికే.

ముసలి చిలుకమ్మ ముందున్నవి ఏనుగు దంతం కాయలు. ఎరుపు నాలుగు, ఆకుపచ్చ నాలుగు, నలుపు నాలుగు, పసుపు మాత్రం మూడే. అచ్చం అలాంటి పసుపు కాయ ఒక్కటి ఆరేళ్లుగా కిషన్ రావు జేబులో ఒంటరిగా తిరుగుతోంది. తీసి చూపించాడు.

చిలుకమ్మ వెనక నిలబడ్డ కొడుకులిద్దరూ ఒక్కసారే ముందుకు వంగారు.

"అవ్వా, గది కలిస్తే జత నిండుతది," అన్నాడు పెద్దవాడు రాయమల్లు. "నిండినంక అది పెద్దోనికే రావాలె."

"ఎట్లొస్తది? అవ్వకు ఇంత బువ్వ పెట్టేది ఎవడు?" చిన్నవాడు ఉప్పలయ్య అన్న మొహం చూడకుండా పైకప్పుకు చెప్పినట్టు చెప్పాడు. "అది నాది."

"అగో, నీదట! నాయిన నీకేమన్న కాయితం రాసిచ్చిండా?"

కిషన్ రావుకు అనుమానం పుట్టింది. ఇద్దరు పోట్లాడుకుంటూ అందరూ అటు చూసేలా చేస్తారు, ఇటు మూడోవాళ్లు సరుకు మార్చేస్తారు. పోయిన మేళాలో ఇలాగే ఒంటె ఎముకను దంతమని ఆయనకు అంటగట్టారు. కాయను గుప్పిట్లో బిగించాడు.

"ఒక పని చేద్దాం సారూ," అంది చిలుకమ్మ. "మీ తాన ఒక్కటి, నా తాన పదిహేను. ఆడుదాం. గెలిచినోళ్లకు పదహారు."

"ఒక్కదాని కోసం పదిహేను ఒడ్డుతవా? నన్నేమన్న పిచ్చోన్ని అనుకున్నవా?"

రాయమల్లు పకపకా నవ్వాడు. "పోతయని ఆమెకు భయం ఉంటే గదా! మా అవ్వ గవ్వలు పట్టిందంటే ఘన్‌పూర్ దిక్కు ఎదురుంగ కూసునేటోడు లేడు."

"ఆడవ్వా, ఫికర్ లేదు," అన్నాడు ఉప్పలయ్య. పొద్దుటినుంచి అన్నదమ్ములు కలిసింది ఆ ఒక్క మాట మీదే. "గని సారూ, ఆటల పోతే పోయినట్టే. మల్ల అడుగుడు లేదు. ఓడినంక పోలీసోళ్లు గీలీసోళ్లు అనద్దు."

"మీకూ అంతేనా?"

"మాకూ అంతే," అన్నారు ఇద్దరూ. మేళా పెట్టిన సారంగపాణి సారు సాక్షిగా చేతిలో చెయ్యేసి మరీ చెప్పారు.

ఇంత ధీమా ఉత్తినే రాదు. ముసలిదానికి చేతివాటం ఉండి తీరాలి. లేచిపోవడమే మంచిదనుకున్నాడు కిషన్ రావు. కానీ పదిహేను కాయలు కళ్లముందు మెరుస్తున్నాయి. కూర్చున్నాడు.

గవ్వలు ఆమెవి వద్దన్నాడు. సారంగపాణి సారు దగ్గర ఏడు గవ్వలు తీసుకుని, లోపల సీసం పోశారేమోనని ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించాడు. ఆమె గాజులు మోచేతి దాకా ఎగదోయమన్నాడు. సైగలు చేస్తారని కొడుకుల్ని ఆమె వెనక్కి, మూడడుగుల దూరం పంపాడు.

"ఇంకేమన్న ఉన్నదా సారూ?" అంది చిలుకమ్మ. "నోరు గిట్ల తెరిచి సూపెట్టాల్నా?"

చుట్టూ చేరినవాళ్లు గొల్లున నవ్వారు. కిషన్ రావు నవ్వలేదు. తన కాయను పరాయి చేతికివ్వడానికి మనసొప్పక పసుపు తాను తీసుకున్నాడు. ఆమె ఎరుపు తీసుకుంది.

ఆట మొదలైంది. ఆమె మొదటి పందానికే పచ్చీసు, ఏకంగా ఇరవై అయిదు, పడింది. "సూశినవా మా అవ్వను!" అని రాయమల్లు తొడ చరిచాడు. కిషన్ రావు బట్ట వైపు చూడటం మానేశాడు. తన కాయలు ఎక్కడున్నాయో సారంగపాణి సారు చెబితే జరుపుతున్నాడు. ఆయన చూపంతా ఆమె వేళ్ల మీదే ఉంది.

"నా చేతులు గంతగనం నచ్చినయా?" అని ఆమె ఒకసారి ఎకసెక్కెమాడింది. అయినా చూపు తిప్పలేదు.

రెండు గంటలు గడిచాయి. చుట్టూ చేరినవాళ్లు విసుగెత్తి చెదిరిపోయారు. ఇద్దరికీ మూడేసి కాయలు పండాయి. ఆమె చివరి కాయ నడిమింటి గడప దగ్గరికొచ్చింది. సరిగ్గా రెండు పడితే పండుతుంది, పదహారూ ఆమెవే. ఎక్కువ పడితే కాయ కదలదు.

చిలుకమ్మ గవ్వలు విసిరింది. అవి దొర్లుకుంటూ ఆమె ఒడి ముందే ఆగాయి. కొడుకులకు ఆమె భుజం అడ్డం. సారంగపాణి సారు చాయ్ గ్లాసు అందుకుంటున్నాడు. కిషన్ రావు ఒక్కడే చూశాడు. రెండు వెల్లకిలా, అయిదు బోర్లా. రెండు పడ్డట్టే, ఆమె గెలిచినట్టే.

అంతలో గవ్వలు లెక్కపెడుతున్నట్టు ఆమె చెయ్యి కిందికొచ్చింది. చిటికెన వేలు ఒక బోర్లా గవ్వను ఇలా తాకిందో లేదో, అది వెల్లకిలా తిరిగింది.

"మూడు," అన్నాడు సారంగపాణి సారు ఇటు తిరిగి.

"అరెరే!" అన్నారు కొడుకులిద్దరూ ఒక్క గొంతుతో.

ఆ వేలి కోసమే కాచుకు కూర్చున్న కిషన్ రావు ఇంకేమీ ఆలోచించలేదు. ఆమె మణికట్టు ఒడిసి పట్టాడు. "దొరికినవ్! ఈమె..."

చిలుకమ్మ చెయ్యి విడిపించుకోలేదు. బట్ట ముడత సవరిస్తున్నట్టు వంగి ఆయన చెవి దగ్గరకొచ్చింది.

"మెల్లగ సారూ, కొడుకులు ఇంటరు. ఈ కాయల కోసానికే ఇంటి నడుమ గోడ పెట్టుకున్నరు. మీ కాళ్లు మొక్కుత, జర మీరే గెలువుండ్రి."